దాగిన వస్తువుల ఆటకు అట్టబొమ్మ ఎలా ఉండాలి?

తొమ్మిదవ తరగతి ‘ఎ’ విద్యార్థిని

ఈ నెల గోడపత్రికలో పాఠం లాంటిది ఏదైనా రాయమని తెలుగు మాష్టారు నన్ను అడిగారు. సైన్సు పాఠాలు పుస్తకంలో ఎలాగూ ఉన్నాయి. పుస్తకంలో లేనిది, మేము ఈ రెండు నెలలూ చేసి నేర్చుకున్నది రాస్తున్నాను. తప్పులుంటే పెన్సిలుతో పక్కన రాయండి. చింపకండి. పోయినసారి ఎవరో జోకుల మూల చింపేశారు.

మీకు తెలిసిందే, విజ్ఞాన ప్రదర్శన కోసం మా తరగతి అమ్మాయిలం తొమ్మిదిమంది కలిసి ఒక కంప్యూటర్ ఆట తయారు చేశాం. బొమ్మలు మేమే గీశాం. కంప్యూటర్ సార్ వాటిని ఫోటోలు తీసి స్క్రాచ్‌లో పెట్టారు. స్క్రాచ్ అంటే పిల్లలు సొంతంగా ఆటలు తయారు చేసుకోవడానికి అమెరికాలోని ఎం.ఐ.టి. వాళ్ళు 2007లో విడుదల చేసినది. డబ్బు కట్టక్కర్లేదు. దాని తెర అడ్డంగా 480 చుక్కలు, నిలువుగా 360 చుక్కలు. అంత చిన్న తెరలో సంత మొత్తం పట్టదు. అందుకని సంతను నాలుగు షీట్లుగా గీశాం. అనాస పళ్ళ వరస ఒకటి, కొండచీపుర్లు అడ్డాకుల వరస ఒకటి, గాజులు బట్టల వరస ఒకటి, మేకలు కోళ్ళ వరస ఒకటి. వాటిల్లో ఇరవై వస్తువులు దాచాం. మేడమ్ గారి గొడుగు కూడా ఉంది. ఎక్కడో చెప్పను.

ఆట అయింది గానీ అట్టబొమ్మ దగ్గర గొడవ వచ్చింది. ముగ్గురం మూడు గీశాం. ‘నాది బాగుంది’ అంటే ‘నాది బాగుంది’ అని రెండు రోజులు మాటల్లేవు. అప్పుడు సార్ అన్నారు, బొమ్మ బాగుండడం వేరు, అట్టబొమ్మగా పనికిరావడం వేరు, రెండోదానికి పరీక్ష పెట్టవచ్చు అని. ఆ పరీక్షలే నా పాఠం.

ముందు ఈ ఆటల గురించి కొంచెం చెప్పాలి. దాగిన వస్తువులను వెతకడం కాగితం మీద ఎప్పటినుంచో ఉంది. ఇంగ్లండులో మార్టిన్ హ్యాండ్‌ఫర్డ్ అనే చిత్రకారుని ‘వేర్ ఈజ్ వాలీ’ అనే పుస్తకం 1987లో వచ్చింది. కిక్కిరిసిన జనంలో వాలీ అనే ఒక్క మనిషిని పట్టుకోవాలి. అతనికి ఎర్ర తెల్ల చారల చొక్కా, కుచ్చు టోపీ, కళ్ళజోడు. అంత గుర్తుగా ఉన్నవాడు ఇట్టే దొరుకుతాడనుకుంటాం. కానీ ఆ చిత్రకారుడు ఎర్ర తెల్లవి వేరే వస్తువులు కూడా అక్కడక్కడ గీసి మన కన్నును అటు లాగేస్తాడు. అమెరికాలో అదే మనిషి పేరు వాల్డో. తరువాత ఇలాంటివి కంప్యూటరులోకి వచ్చాయి. 2005లో వచ్చిన ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’ వాటిలో బాగా పేరున్నది. చిందరవందరగా సామాను ఉన్న చోట, జాబితాలో పేరు చదివి ఆ వస్తువును వెతకాలి.

సార్ ఆ రకం ఆట ఒకటి మాతో ఆడించినప్పుడు మేము ఓడిపోయాం. కళ్ళు కనపడక కాదు. జాబితాలో ‘థింబుల్’ అని ఉంది. అదేటో మాకు తెలీదు. బట్ట కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకునే చిన్న టోపీ అట. ఎన్నడూ చూడని వస్తువును ఎలా వెతుకుతాం? అందుకే మా ఆటలో పేరు పక్కనే ఆ వస్తువు నీడబొమ్మ కూడా పెట్టాం.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2017లో వచ్చిన ‘హిడెన్ ఫోక్స్’. నెదర్లాండ్స్‌లో ఉండే ఆడ్రియాన్ డి యాంగ్ అనే ఆయన, సిల్వెన్ తెగ్రోగ్ అనే చిత్రకారుడు కలిసి చేశారు. బొమ్మలన్నీ పెన్నుతో కాగితం మీద గీసి కంప్యూటరులోకి ఎక్కించారు. రంగులు లేవు, నల్ల గీతలే. శబ్దాలన్నీ నోటితోనే చేశారు. తలుపు కిర్రుమన్నా, జంతువు అరిచినా మనిషి నోరే. అది చూశాకే మాకు ధైర్యం వచ్చింది. పెన్ను, కాగితం, నోరు మూడూ మన హాస్టల్‌లో కావలసినన్ని ఉన్నాయి.

ఇప్పుడు అట్టబొమ్మ సంగతి. ఇలాంటి ఆటలు ఫోనులో అయితే ప్లే స్టోర్‌లో, కంప్యూటరుకు అయితే స్టీమ్ అనే దుకాణంలో దొరుకుతాయి. దుకాణం అన్నాను గానీ అక్కడ సరుకు చేత్తో పట్టుకుని చూడలేం. సంతలో అనాస పళ్ళు అమ్మేవాడు ఒక పండు కోసి ముక్క చూపిస్తాడు. ఆ రంగు, ఆ వాసన చూసి కొనాలో వద్దో మనం అనుకుంటాం. స్టోరులో ఆ కోసిన ముక్కే అట్టబొమ్మ. పుల్లటి పండు దగ్గర తియ్యటి పండు ముక్క పెట్టి చూపిస్తే అది మోసం అవుతుంది.

అసలు కష్టం కొలతతో వస్తుంది. ప్లే స్టోర్ వాళ్ళకు మనం ఇవ్వవలసిన గుర్తుబొమ్మ 512 చుక్కల చదరం. మూలలను స్టోర్ వాళ్ళే గుండ్రంగా కోసేస్తారు, కాబట్టి మూలల్లో ఏమీ పెట్టకూడదు. ఇంకొక వెడల్పు బొమ్మ 1024 అడ్డం, 500 నిలువు. వినడానికి పెద్దవే. కానీ ఫోనులో ఆ గుర్తుబొమ్మ కనిపించేది సుమారు ఒక సెంటీమీటరు, రూపాయి బిళ్ళకన్నా చిన్నది. పైగా దాని చుట్టూ వేరే ఆటల బొమ్మలు ఇరవై ముప్పై ఉంటాయి. చూసేవాళ్ళు వేలితో జరుపుకుంటూ పోతుంటారు.

స్టీమ్ వాళ్ళు 2022 సెప్టెంబరు 1 నుంచి ఒక నియమం పెట్టారు. అట్టబొమ్మ మీద ఆట పేరు తప్ప ‘బహుమతి వచ్చింది’, ‘సగం ధర’, ‘పత్రికల వాళ్ళు మెచ్చుకున్నారు’ లాంటి మాటలు రాయకూడదు. నాకు ఈ నియమం నచ్చింది. బొమ్మే మాట్లాడాలి.

సార్ గోడ మీద పెద్దగా వేసి ఆ రకం ఆటల అట్టబొమ్మలు ఒక గంటసేపు చూపించారు. మేము నోటుపుస్తకంలో రాసుకున్నాం. ఎక్కువ వాటిలో ఒక ఆడమనిషి పెద్ద ముఖం, వెనకాల పాత మేడ, చందమామ, చేతిలో భూతద్దం. పది చూశాక ఏది ఏదో తెలియలేదు. ఒక అట్టబొమ్మ మాత్రం నాకు ఇంకా గుర్తుంది, ఆట పేరు రాయను. అడవి, మంట, ఈకలు పెట్టుకుని ముఖాలకు రంగులు పూసుకుని కళ్ళు పెద్దవి చేసి చూస్తున్న మనుషులు. కింద ‘తెగ’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట. వెనక బెంచీ నుంచి ఎవరో ‘మీవోళ్ళే’ అన్నారు. నవ్వారు. నేనూ నవ్వాను, ఎందుకు నవ్వానో తెలీదు. సార్ ఏమీ అనకుండా ఆ ఆట తెరిచి పది నిమిషాలు ఆడించారు. మేము ఆడినంతలో ఆ మనుషులు ఒక్కరు కూడా రాలేదు. కుండలు, తాళంచెవులు, బంగారు నాణేలు. అంటే అడవి మనుషులను ఆటలో పెట్టలేదు, భయం పుట్టించడానికి అట్ట మీద మాత్రం పెట్టారు. నా నోటుపుస్తకంలో దానికి సున్నా వేశాను. పుల్లటి పండు దగ్గర ఇంకొకరి పండు ముక్క అది.

ఇక పరీక్షలు. కంప్యూటరు గదికి వారానికి రెండుసార్లే వెళ్తాం కాబట్టి, కంప్యూటరు అక్కర్లేని పరీక్షలు కనిపెట్టాం.

ఒకటి పది అడుగుల పరీక్ష. ఇది లెక్కల మేడమ్ సాయంతో చేశాం. ఫోను కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే, ఒక సెంటీమీటరు బొమ్మ కంటికి ఎంత కనబడుతుందో, 20 సెంటీమీటర్ల డ్రాయింగ్ షీట్ ఎంత దూరంలో అంతే కనబడుతుంది? సరూప త్రిభుజాలు వేస్తే, బొమ్మ 20 రెట్లు కాబట్టి దూరమూ 20 రెట్లు. 30ని 20తో గుణిస్తే 600 సెంటీమీటర్లు, అంటే 6 మీటర్లు. మన వరండాలో నా అడుగులతో పది అడుగులు. బొమ్మను గోడకు అంటించి, పది అడుగులు వెనక్కి వెళ్ళి, మూడు లెక్కపెట్టేంతసేపు చూసి, వెనక్కి తిరిగి, ఏం చూశావో చెప్పాలి. అంతే. బొమ్మను చిన్నదిగా చేయడానికి యంత్రం అక్కర్లేదు, కాళ్ళు చాలు.

రెండోది మసక పరీక్ష. సాయంత్రం ఆటల బెల్లు అయ్యాక, లైట్లు వేయకముందు చూడాలి. కరెంటు పోతే ఇంకా మంచిది. మన కంటిలో దండాలు, కోనులు అని రెండు రకాల కణాలున్నాయని చదువుకున్నాం కదా. రంగులు తెలిపేవి కోనులు, వాటికి వెలుతురు బాగా కావాలి. మసకలో దండాలే పని చేస్తాయి, వాటికి రంగు తెలియదు, వెలుగు నీడలే తెలుస్తాయి. కాబట్టి ఒక బొమ్మ రంగుల మీదే నిలబడి ఉంటే మసకలో కూలిపోతుంది. ఎరుపు ఆకుపచ్చ పక్కపక్కన పెడితే పగలు ఎంత అందంగా ఉన్నా సాయంత్రానికి వాటి రంగు తేడా తెలియదు.

మూడోది అక్షరాలు రానివాళ్ళ పరీక్ష. పేరు మీద కాగితం ముక్క కప్పేసి, ‘ఇది ఏం ఆట?’ అని అడగాలి. ఎందుకంటే సెంటీమీటరు బొమ్మ మీద ఎవరూ చదవలేరు. పదో తరగతిలో ఫస్టు వచ్చిన అక్క కూడా అక్కడ అక్షరాలు రానిదే. ఈ పరీక్షకు మూడో తరగతి చిన్నగుంటలను పదిమందిని పిలిచాం. పరీక్షకు ఒక బెల్లం ముక్క ఇచ్చాం, కాబట్టి అందరూ వచ్చారు.

మొదటి అట్టబొమ్మ నా పక్క మంచం స్నేహితురాలిది. సంత మొత్తాన్ని చిన్నగా చేసి గీసింది. చాలా కష్టపడింది, ఒక్కొక్క గాజు కూడా గీసింది. దగ్గరికి వెళ్తే కదలబుద్ధి కాదు. పది అడుగుల నుంచి మాత్రం చీమలు పట్టిన అట్టముక్కలా ఉంది. పదిమందిలో ఇద్దరే సంత అన్నారు. ఒకరు ‘మట్టి’ అన్నారు. ఆమె ఏడ్చింది. నిజానికి తప్పు బొమ్మది కాదు. అది ఆట లోపల ఉండవలసిన బొమ్మ. దాచడానికి గీసిన బొమ్మ చూపించడానికి ఎలా పనికొస్తుంది? వెతికే ఆటలో చిక్కంతా ఇదే. లోపల ఎంత గజిబిజి ఉంటే ఆటకు అంత మంచిది, బయట ఎంత తేటగా ఉంటే అంత మంచిది.

రెండోది బి సెక్షన్ అమ్మాయిది. స్టోరులో చూసిన వాటిలాగే పెద్ద కళ్ళ అమ్మాయి, గోధుమరంగు జుట్టు, చేతిలో భూతద్దం. పది అడుగుల్లో, మసకలో బాగా నిలబడింది. తొమ్మిదిమంది ‘అమ్మాయి’ అన్నారు. ఏం ఆట అంటే మాత్రం పెళ్ళి ఆట, డాక్టరు ఆట, జడలు వేసే ఆట అన్నారు. సంత అని ఒక్కరూ అనలేదు. ఎలా అంటారు? ఆ బొమ్మలో సంత లేదు, ఆ అమ్మాయి మా ఆటలో లేదు.

మూడోది నాది. మేము సవరలం. మా ఇళ్ళలో ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, పుల్ల చివర నలగ్గొట్టి కుంచెలా చేసి బొమ్మ వేస్తారు. ముందు ఇల్లులాగా చుట్టూ గీత, లోపల వరసలు వరసలుగా మనుషులు, గుర్రాలు, ఏనుగులు, నెమళ్ళు, చెట్లు, సూర్యుడు, చంద్రుడు. ఈ రోజుల్లో సైకిలు, విమానం కూడా వేస్తారు. నేను చిన్నప్పటి నుంచి మా ఇంటి గోడ మీద చూసినదాన్నే షీటు మీద గీశాను. ఎరుపు మీద తెలుపు కాబట్టి మసకలో కూడా మెరిసింది. పది అడుగుల నుంచి ఇంటి ఆకారం స్పష్టంగా తెలిసింది, లోపల ఏదో చాలా ఉందని కూడా తెలిసింది. చిన్నగుంటలు దగ్గరికి పరుగెత్తి వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఏడుగురు ‘వెతికే ఆట’ అన్నారు. మూడింటిలో నాకే ఎక్కువ మార్కులు. సార్ కూడా మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

దసరా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మూడు షీట్లూ చుట్టి తీసుకెళ్ళాను. అక్షరాలు రానివాళ్ళ పరీక్ష అని మేము పెట్టుకున్నాం గానీ, చిన్నగుంటలకు కొంచెం అక్షరాలు వచ్చు. మా మామ్మకు అసలు రావు. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. మామ్మ అడవిలో ఆకుల కింద పుట్టగొడుగు ఎక్కడుందో నిలబడే చెప్తుంది, నేను వంగి చూసినా కనబడదు. వెతకడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. కాబట్టి నా బొమ్మ గొప్పదని ఆమె నోటితో కూడా వినాలనుకున్నాను.

మొదటి షీటు చూసి ‘సంత’ అంది, ‘జనం ఎక్కువైపోయారు’ అంది. రెండోది చూసి నవ్వింది. ‘ఎవరి పిల్ల? గరిటె పట్టుకుని ఎవరికి వడ్డిస్తోంది?’ అంది. నేనూ నవ్వాను. భూతద్దం మామ్మ ఎప్పుడూ చూడలేదు. ఇది నేర్చుకోవలసిన సంగతి. భూతద్దం అంటే వెతకడం అని బళ్ళో చెప్తేనే మనకూ తెలిసింది.

మూడోది విప్పాను. మామ్మ నవ్వలేదు. షీటును నేలమీద నుంచి తీసి మంచం మీద పెట్టమంది. మామ్మకు తెలుగు కొంచెమే వచ్చు, సవరలో మాట్లాడింది, నేను తెలుగులో రాస్తున్నాను.

‘ఎవరికి జబ్బు?’ అంది.

‘ఎవరికీ లేదు. ఆటకి వేశాను.’

‘జబ్బు లేకపోతే, కల రాకపోతే, ఇల్లు ఎందుకు కట్టేవు? ఇల్లు కట్టి పిలిస్తే వస్తారు. వచ్చినోళ్ళకి ఏం పెడతావు?’

నేను కొంచెం కోపంగానే అన్నాను, ఈ బొమ్మలు ఇప్పుడు బట్టల మీద, కాగితాల మీద వేసి అమ్ముతున్నారు, అది తప్పు కాదా అని. మామ్మ దానికి జవాబు చెప్పలేదు. రెండో వరసలో గొడుగు కింద కూర్చున్న మనిషి మీద వేలు పెట్టింది. ‘ఈడు మీ తాత. తాతని సంతలో దాచేవా?’ అంది.

నాకు తెలీక కాదు. అది రాయాలి, లేకపోతే పాఠం అబద్ధం అవుతుంది. మా తాత చనిపోయాక ఆయన కోసం వేయించిన బొమ్మ అది. అప్పుడు నాకు ఆరేళ్ళు. పూజ చేసినాయన పుల్లతో గీస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. గొడుగు కింద మనిషి ఎవరో నాకు తెలుసు. అందంగా ఉంటుంది, వేరేవాళ్ళెవరి దగ్గరా ఉండదు, మార్కులు వస్తాయి అని గీశాను. అమ్మేవాళ్ళు వాళ్ళ సొంతంగా మనుషులను గీసుకుంటారు. నేను మా ఇంట్లో ఉన్నవాళ్ళనే ఎత్తి పెట్టాను.

తిరిగి వచ్చి మా తొమ్మిదిమందికి చెప్పాను, నా బొమ్మ తీసేస్తున్నాను అని. ఒప్పుకోలేదు. ‘పరీక్షలో గెలిచింది కదా, ఇప్పుడు ఇదేటి?’ అన్నారు. పక్క మంచం స్నేహితురాలికి ఎక్కువ కోపం వచ్చింది, ఆమె బొమ్మ నా వల్లే కదా ఓడింది. వాళ్ళలో సవరలం కానివాళ్ళూ ఉన్నారు, వాళ్ళకు ఆ సంగతి ఎలా చెప్పాలో నాకు రాలేదు. అప్పుడు ఆట భాషలోనే చెప్పాను. ఆ బొమ్మలో ఎవరూ దాక్కోలేదు. వాళ్ళు పిలిస్తే వచ్చి వరసగా కూర్చున్నవాళ్ళు, వాళ్ళని అందరూ చూడాలనే గీశారు. మా ఆట దాక్కున్నవాటి ఆట. అట్ట మీద ఒకటి, లోపల ఒకటి అవుతుంది. ఈకల మనుషుల అట్టబొమ్మకు సున్నా వేసిన నేనే దీనికి మార్కులు వేయలేను. మన పరీక్షలు మూడూ సరిగ్గానే ఉన్నాయి గానీ, ‘ఇది ఎవరిది, వాళ్ళను అడిగావా’ అనే పరీక్ష మనం పెట్టలేదు. సార్ అన్నారు, గీసినవాళ్ళదే నిర్ణయం అని. ఇద్దరు అప్పటికీ మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నారు.

కాబట్టి నాలుగోది మొదలుపెట్టాం. ఈసారి తొమ్మిదిమందీ కలిసే. ఒక్క వస్తువు పెద్దగా ఉండాలి, అది సంతదై ఉండాలి, అందులో ఏదో దాక్కున్నట్టు ఉండాలి. గంప అనుకున్నాం. సంత అంటే గంపే కదా. గంపలోంచి మేకపిల్ల తోక బయటకి కనబడేట్టు గీశాం. పది అడుగుల నుంచి చూసి చిన్నగుంటలు ఎలుక అన్నారు, ఒకరు పాము అని అరిచి పారిపోయారు. మేక తోక పొట్టిది, దూరానికి అది గీతే. అప్పుడు కోడిపుంజు తోక వేశాం. పుంజు తోక కొడవలిలాగా వంగి ఉంటుంది, నీడగా చూసినా పుంజే. ఎర్ర తోక, ఆకుపచ్చ వెనకతలం. పగలు ఎంతో బాగుంది. మసక పరీక్షలో తోక మాయం. నేనే దండాలు కోనులు చెప్పి నేనే ఎరుపు ఆకుపచ్చ వేశాను! తరువాత వెనకంతా లేత పసుపు, గంప గోధుమరంగు, తోక నలుపు చేశాం. నిలబడింది.

చిన్నగుంటలు పదిమందిలో ఎనిమిదిమంది ‘గంపలో పుంజు దాక్కుంది’ అన్నారు. ఒక గుంట ‘ఎవరికి భయపడి దాక్కుంది?’ అని అడిగింది. సార్ ఆ ప్రశ్నను బోర్డు మీద రాశారు. అట్టబొమ్మ చూసి పిల్ల ప్రశ్న వేసిందంటే లోపలికి వస్తుందన్నమాట.

ఇంకో చిక్కు. అట్ట మీద పుంజు ఉంటే ఆటలోనూ ఉండాలి. మా ఇరవై వస్తువుల్లో పుంజు లేదు. మేకలు కోళ్ళ వరసలో పెడితే ముప్పై కోళ్ళలో ఒక కోడి, అది దాగడం కాదు. గాజుల వరసలో పెట్టాం. కాబట్టి ఇప్పుడు ఇరవై ఒక్క వస్తువులు.

పేరు గురించి కూడా చెప్పాలి. మొదట మా ఆట పేరు ‘సంతలో దాక్కున్న వస్తువులు’. వినడానికి బాగుంది. కానీ మన తెలుగులో వత్తులు అక్షరం కింద ఉంటాయి. చిన్నగా చేస్తే క వత్తు, న వత్తు, త వత్తు కలిసిపోయి అక్షరాల కింద మురికిలా కనిపించాయి. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకు ఈ బాధ లేదు. అందుకని ఒక్క వత్తు కూడా లేని పేరు వెతికాం. రెండు రోజులు పట్టింది. ‘సంతలో వెతుకు’. లావు అక్షరాలతో, గంప మీదే రాశాం. పది అడుగుల నుంచి చదవగలిగారు.

నాలుగో అట్టబొమ్మను ఈ పాఠం కింద అంటించాను. ముందు కుళాయి దగ్గర నిలబడి చూడండి, తరువాత దగ్గరికి రండి. మొదటి రెండూ దాని పక్కన ఉన్నాయి, వాళ్ళిద్దరినీ అడిగే పెట్టాను. మూడోది లేదు. మామ్మ దాన్ని మడత పెట్టనివ్వలేదు, చుట్టి మా ఇంటి దూలం మీద పెట్టింది.

గాజుల వరస షీటు కూడా కుడివైపు అంటించాం. పుంజు అందులో ఉంది. దొరికినవాళ్ళు పక్కనున్న చిన్నగుంటలకు చెప్పకుండా నాకు చెప్పండి. మేడమ్ గారూ, మీ గొడుగు ఆ షీటులో లేదు.